గుండమ్మ కథ పునర్నిర్మాణం

గుండమ్మ కథ 1962 జూన్ 7న విడుదలైన తెలుగు సంగీత హాస్యచిత్రం. విజయా ప్రొడక్షన్స్ పతాకంపై బి.నాగిరెడ్డి, ఆలూరి చక్రపాణి నిర్మించగా కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించాడు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి.రంగారావు, సూర్యకాంతం, రమణారెడ్డి ప్రధాన పాత్రధారులు. ఎన్.టి.ఆర్.కు ఇది 100వ చిత్రం. తెలుగులో మళ్ళీ తీయాలని పలుమార్లు అనుకొని తీయలేకపోయిన చిత్రాలలో దీనికి ప్రత్యేకస్థానం ఉన్నది. ఇందులోని విచిత్రం ఏమంటే, గుండమ్మ కథ స్వయంగా ఒక పునర్నిర్మాణమే. వేరొక భాష నుండి అంత సులువుగా తెలుగులోకి వచ్చిన కథ, తెలుగులోనే మరొక తరానికి ఎందుకు అందలేదన్నది ఈ వ్యాసవిషయం.

కథ వచ్చిన దారి

ఈ చిత్రానికి ఆధారం 1958లో వచ్చిన కన్నడ చిత్రం "మనె తుంబిద హెణ్ణు". తరువాతి కాలంలో తెలుగులో జానపద చిత్రాలకు పేరుపొందిన బి.విఠలాచార్య దానిని తీశాడు. ఆ చిత్ర నిర్మాణంలో నాగిరెడ్డి చేసిన సహాయానికి కృతజ్ఞతగా కథాహక్కులు విజయా సంస్థకు వచ్చాయని చెబుతారు. గుండమ్మ అనే పేరు కూడా కన్నడ చిత్రం నుండి వచ్చినదే. తెలుగువారిలో అంతగా వినబడని ఆ పేరును మార్చకుండా చిత్రానికి శీర్షికగా ఉంచారు. ఇద్దరు అగ్రనాయకులు, ఇద్దరు అగ్రనాయికలు ఉన్న చిత్రానికి గయ్యాళి పాత్ర పేరు పెట్టడం అప్పటికే కాదు, ఇప్పటికీ సాహసమే.

చక్రపాణి కన్నడ కథను చాలావరకు మార్చి, అందులో షేక్స్‌పియర్ నాటకం "ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ" ఛాయలను కలిపాడు. సంభాషణలు డి.వి.నరసరాజు రచన. కథ టూకీగా ఇది. ధనవంతురాలైన వితంతువు గుండమ్మ తన సవతి కూతురు లక్ష్మిని (సావిత్రి) పనిమనిషిగా చూస్తూ, సొంత కూతురు సరోజను (జమున) గారాబంగా పెంచుతుంది. గుండమ్మ భర్త స్నేహితుడైన వెంకట్రామయ్య (ఎస్.వి.రంగారావు) కుమారులిద్దరిలో పెద్దవాడు అంజి పేరుతో ఆ ఇంట పనివాడుగా చేరి లక్ష్మిని పెళ్ళాడతాడు. చిన్నవాడు రాజా (నాగేశ్వరరావు) సరోజను పెళ్ళాడి, పేదవానిగా నటించి, కష్టమంటే ఏమిటో ఆమెకు తెలిసేటట్లు చేస్తాడు. పాలవ్యాపారి గంటయ్య (రమణారెడ్డి) పెట్టే తంపులు, చివరికి గుండమ్మను మించిన గయ్యాళి దుర్గ (ఛాయాదేవి) ఆ ఇంట చేరి గుండమ్మనే ఏడిపించడం హాస్యానికి ప్రధానమైన సన్నివేశాలు.

పొగరుబోతు భార్యను భర్త దారికి తెచ్చుకొనే భాగం షేక్స్‌పియర్‌ది. సవతి తల్లి చేతిలో బాధలు పడే పిల్ల కథ ప్రపంచమంతటా ఉన్నదే, మన అమ్మమ్మలు చెప్పినదే. ఈ రెండింటినీ ఒకే పెరట్లో కలపడం చక్రపాణి నేర్పు.

హాలీవుడ్‌తో పోలిక

ఇదే షేక్స్‌పియర్ నాటకం ఆధారంగా అమెరికాలో కోల్ పోర్టర్ సంగీతంతో "కిస్ మి కేట్" అనే సంగీత నాటకం 1948లో బ్రాడ్వే రంగస్థలంపై ప్రదర్శింపబడింది. 1953లో ఎం.జి.ఎం. సంస్థ దానిని చిత్రంగా తీసింది. గుండమ్మ కథకూ దానికీ కథాసామ్యం అంతంతమాత్రమే అయినా, రెండూ ఒకే నాటకానికి మనుమలు.

హాలీవుడ్‌లో పాత హాస్యచిత్రాలను పాటలతో మళ్ళీ తీయడం పరిపాటి. 1939 నాటి "నినోచ్కా" 1957లో "సిల్క్ స్టాకింగ్స్"గా, 1940 నాటి "ది ఫిలడెల్ఫియా స్టోరీ" 1956లో "హై సొసైటీ"గా సంగీత చిత్రాలైనాయి. "ది షాప్ అరౌండ్ ది కార్నర్" (1940) మొదట 1949లో పాటలతోనూ, 1998లో పాత్రలు పాడే పాటలు లేకుండా "యూ హావ్ గాట్ మెయిల్"గానూ వచ్చింది. అయితే సంగీత చిత్రాన్ని తిరిగి సంగీత చిత్రంగా తీయడం అక్కడ కూడా తేలిక కాలేదు. "మై ఫెయిర్ లేడీ" (1964)ని తిరిగి తీయాలన్న 2000ల నాటి ప్రయత్నం కార్యరూపం దాల్చలేదు. "సింగిన్ ఇన్ ది రెయిన్" (1952) నాటకంగా మారి రంగస్థలం మీద కొత్త నటులతో సాగుతున్నది కానీ, హాలీవుడ్ దానిని మళ్ళీ చిత్రంగా తీయలేదు.

ఇక్కడ ఒక తేడా గమనింపదగినది. అమెరికా సంగీత హాస్యాలలో అనేకం ముందు రంగస్థలం మీద పుట్టినవి, లేదా తరువాత అక్కడికి చేరినవి. నాటకంలో పాత్ర నటుని సొత్తు కాదు. ఈ ఏడు ఒకరు వేస్తే వచ్చే ఏడు మరొకరు వేస్తారు. కాబట్టి పాత్రకు నటునితో సంబంధం లేని సొంత ఉనికి ఏర్పడుతుంది. గుండమ్మ కథకు అటువంటి రంగస్థల జీవితం లేదు. అది తెరకోసమే, ఫలానా నటులకోసమే మలచినది.

విజయా వారి పద్ధతి

మద్రాసు వడపళనిలోని విజయా-వాహినీ స్టూడియో ఆ రోజులలో ఎం.జి.ఎం. వంటి సంస్థల పద్ధతికి దగ్గరగా నడిచేది. నటులతో, సాంకేతిక నిపుణులతో దీర్ఘకాలపు ఒప్పందాలు ఉండేవి. ఎన్.టి.ఆర్. కూడా తొలినాళ్ళలో అక్కడ నెలజీతంపై పనిచేసినవాడే. పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం, మా.గోఖలే, కళాధర్ కళాదర్శకత్వం విజయా చిత్రాలకు ఒక ఇంటిపేరు వంటివి. ఒకే బృందం ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినందువలన ఎవరికి ఏ మాట నప్పుతుందో, ఏ నటుడు ఎక్కడ ఆగి చూస్తే ప్రేక్షకుడు నవ్వుతాడో వారికి ముందే తెలుసు. అటువంటి స్టూడియో వ్యవస్థ తరువాత కనుమరుగైనది. ఆ స్టూడియో ప్రాంగణంలో కొంతభాగంలో 1972లో విజయా ఆసుపత్రి వెలసింది.

నటులు ఒకేచోట అందుబాటులో లేనపుడు ఆ బృందం పనితనం ఎట్లా అక్కరకు వచ్చేదో చెప్పడానికి గుండమ్మ కథలోని కోలాటపు వరుస పాటను ఉదాహరణగా చూపుతారు. నలుగురు నాయికానాయకుల కాల్‌షీట్లు కుదరక ఎవరి భాగం వారితో విడివిడిగా తీసి కూర్పులో కలిపారని చెబుతారు. తెరపై చూస్తే ఆ అతుకు కనబడదు.

పాత్రలు, నటులు

పునర్నిర్మాణం విషయంలో ఎల్లప్పుడూ మొదట వచ్చే ప్రశ్న గుండమ్మ ఎవరన్నది. సూర్యకాంతం (1924-1994) గయ్యాళి అత్త పాత్రలకు పర్యాయపదం. తెలుగువారు ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానుకున్నారన్న మాట తెలుగునాట నానుడి వలె ప్రచారంలో ఉన్నది. అయితే గుండమ్మను కేవలం గయ్యాళిగా చూస్తే పాత్ర అర్థం కాదు. ఆమె నోరు పెద్దది, బుద్ధి అమాయకం. గంటయ్య చెప్పినదల్లా నమ్ముతుంది. సవతి కూతురిని కష్టపెడుతున్నపుడు ప్రేక్షకునికి కోపం రావాలి, దుర్గ చేతిలో ఆమె దెబ్బలు తింటున్నపుడు జాలి కలగాలి. ఈ రెంటి నడుమ నవ్వు ఆగకూడదు. కోపం పాలు పెరిగితే అది కన్నీటి చిత్రమవుతుంది, తగ్గితే వట్టి వెకిలితనమవుతుంది. సూర్యకాంతం ఎడమచేతి విసురు, మాట విరుపు చూసి అనుకరించేవారు చాలామంది ఉన్నారు. ఆ తూకం మాత్రం అనుకరణకు లొంగేది కాదు.

రెండవ ఇబ్బంది నాయకునిది. 1957లో మాయాబజార్‌లో శ్రీకృష్ణునిగా కనబడి, ప్రేక్షకులచేత హారతులు అందుకొన్న నటుడు ఇక్కడ నిక్కరు తొడుక్కొని, రోటి ముందు కూర్చొని పిండి రుబ్బుతాడు. 1962 నాటి ప్రేక్షకుని నవ్వులో సగం ఆ దేవుని వేషాన్ని తలచుకొని వచ్చినదే. తరువాతి తరం నటుడెవరైనా అదే నిక్కరు తొడుక్కుంటే ప్రేక్షకునికి గుర్తువచ్చేది శ్రీకృష్ణుడు కాదు, ఎన్.టి.ఆర్. అక్కడ హాస్యం నివాళిగా మారిపోతుంది.

పాత్ర నటునికి పుట్టుకతోనే అతుక్కుపోయి ఉండదన్న దానికి విజయా వారి చిత్రమే సాక్ష్యం. మిస్సమ్మ (1955)లో నాయికగా మొదట భానుమతిని తీసుకొని, కొంత చిత్రీకరణ జరిగిన తరువాత ఆమె స్థానంలో సావిత్రిని తీసుకున్నారు. నేడు సావిత్రి లేని మిస్సమ్మను ఊహించలేము. అంటే విడుదలకు ముందు పాత్ర చేతులు మారవచ్చును. ప్రేక్షకుడు ఒకసారి చూసి తనదిగా చేసుకున్న తరువాతనే కష్టం.

పాటల సంగతి

చిత్రంలోని 8 పాటలను పింగళి రచించగా ఘంటసాల స్వరపరిచాడు. ఇవి కథను ఆపి పాడే పాటలు కావు. మహిళాలోకం మేలుకోవడాన్ని గురించిన పాటను తీసుకుంటే, స్త్రీలు చట్టసభలకు ఎన్నికవుతున్న కాలాన్ని, పెరటిలో రుబ్బురోలును ఒకచోట చేర్చి చమత్కరిస్తుంది. పాడుతున్నది ఇంటిపని చేస్తున్న పురుషుడు కావడం అందులోని అసలు మెలిక. వెన్నెల రాత్రిని వర్ణించే యుగళగీతం బార్‌ట్లే పట్టిన వెన్నెలతో కలిసే గుర్తుంటుంది.

మళ్ళీ తీసేవారికి ఇక్కడ రెండే దారులు. పాత పాటలు ఉంచితే ఘంటసాల, సుశీల గొంతులతో పోలిక తప్పదు. తీసివేస్తే అది గుండమ్మ కథ కాదు. భాష మారినపుడు ఈ చిక్కు కొంత తగ్గుతుంది. మిస్సమ్మను హిందీలో "మిస్ మేరీ" (1957)గా తీసినపుడు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్ అయినా, బృందావనాన్ని గురించిన సాలూరు రాజేశ్వరరావు బాణీని అందులో వాడుకున్నారు. హిందీ శ్రోతకు అది కొత్త పాట. మాతృక చెవులలో మారుమ్రోగుతున్నవారికి ఆ వెసులుబాటు లేదు.

తమిళ చిత్రం

విజయా వారు గుండమ్మ కథను అదే ఏడాది ఆగస్టులో తమిళంలో "మనిదన్ మారవిల్లై" పేరుతో విడుదల చేశారు. దర్శకుడు చక్రపాణి. ఎన్.టి.ఆర్. స్థానంలో జెమినీ గణేశన్, గుండమ్మగా సుందరీబాయి నటించారు. నాగేశ్వరరావు, సావిత్రి, జమున, రంగారావు ఇందులోనూ ఉన్నారు. కథ, నిర్మాతలు, సంగీతం అవే అయినా తెలుగు చిత్రానికి వచ్చినంత ఆదరణ దీనికి రాలేదు. ప్రధాన పాత్రలలో ముఖ్యంగా మారినవి అంజి, గుండమ్మ. పునర్నిర్మాణపు కష్టాన్ని గురించి ఎవరైనా ప్రయోగం చేయదలచినా ఇంతకంటే చక్కగా చేయలేరు.

తెలుగులో ప్రయత్నాలు

ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. కుమారులైన బాలకృష్ణ, నాగార్జున కథానాయకులుగా గుండమ్మ కథను మళ్ళీ తీయాలన్న ఆలోచన చాలాకాలం నలిగింది. సూర్యకాంతం పాత్రకు తగిన నటి దొరకకపోవడమే అది ముందుకు సాగకపోవడానికి ముఖ్యకారణంగా చెప్పబడింది. తరువాత మూడవ తరంలో జూనియర్ ఎన్.టి.ఆర్., నాగచైతన్య పేర్లు వినిపించాయి. అదీ మాటల వరకే. వారసులు ఉన్నది నాయకులకు. గుండమ్మకు వారసురాలు లేదు.

పేర్లు వాడుకోవడం మాత్రం ఆగలేదు. 2003లో నీలకంఠ దర్శకత్వంలో వచ్చిన "మిస్సమ్మ"కూ, 2018లో మొదలైన "గుండమ్మ కథ" టెలివిజన్ ధారావాహికకూ పాత చిత్రాలతో పేరు వరకే చుట్టరికం.

కథలోని భావాలు

నటులు దొరికినా కథను ఉన్నదున్నట్లు తీయవచ్చునా అన్నది వేరే ప్రశ్న. భార్య గర్వమణచడానికి భర్త అబద్ధమాడి ఆమెచేత కాయకష్టం చేయించడం 1962లో హాస్యం. నేటి తరగతి గదిలో ఈ కథ చెబితే సరోజ చేసిన తప్పేమిటని అడిగే విద్యార్థినులు ఉంటారు, ఆ ప్రశ్నలో న్యాయమున్నది. "కిస్ మి కేట్"ను ప్రదర్శించేవారికి కూడా చివరి ఘట్టం వద్ద ఇదే సంకటం ఎదురవుతుంది. గుండమ్మ కథను కొంత కాపాడేది లక్ష్మి-అంజి జంట. అక్కడ పురుషుడే ఇంటిపని నేర్చుకుంటాడు, మార్పు పొందవలసినది ఇల్లంతా అన్న భావం కలుగుతుంది. కొత్తగా వ్రాయదలచినవారు ఈ పాయను పట్టుకుంటే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇతర మార్గాలు

పాత చిత్రాన్ని మళ్ళీ తీయకుండానే కొత్తవారికి అందించే పద్ధతులు కూడా ఉన్నాయి. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో విజయా వారు తీసిన మాయాబజార్‌ను హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులలోకి మార్చి 2010 జనవరిలో విడుదల చేసింది. ఇందులో నటులను మార్చే ప్రసక్తే లేదు. బార్‌ట్లే తెలుపు-నలుపు వెలుగునీడలకు రంగు అవసరమా అన్న చర్చ మాత్రం వచ్చింది. 2018లో సావిత్రి జీవితకథగా వచ్చిన "మహానటి" మరొక దారి చూపింది. అందులో కీర్తి సురేష్ మాయాబజార్‌లోని మాయాశశిరేఖ ఘట్టాన్ని అభినయించింది. శశిరేఖ వేషంలోని ఘటోత్కచునిగా నటిస్తున్న సావిత్రిగా నటించడమన్న మాట! చిత్రమంతా మళ్ళీ తీయక, ఒక్క ఘట్టాన్ని తీసుకొని, అది నటన అని ముందే ఒప్పుకొన్నందున ప్రేక్షకుడు పోలిక పెట్టి కినుక వహించలేదు.

మాయాబజార్ కథకు సినిమాకంటే ముందునుండీ రంగస్థల జీవితం ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలవారి ప్రదర్శనలలో మాయాబజార్ ముఖ్యమైనది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణం వంటి వేదికలపై వారు దానిని ప్రదర్శించారు. లడ్డూలు గాలిలో ఎగిరివచ్చి ఘటోత్కచుని నోట పడే దృశ్యానికి చప్పట్లు మ్రోగుతాయి. ఆ కుటుంబాలలో ఒకప్పుడు బాలపాత్రలు వేసినవారే పెద్దయ్యాక శశిరేఖలు, కృష్ణులు, ఘటోత్కచులు అవుతారు. అక్కడ ఎవరూ రంగారావును తలచుకొని నిట్టూర్చరు. ఆ పాత్ర రంగారావుకంటే ముందే వారి ఇంట ఉన్నది.