సీసా మీదికెక్కని ఊరు: బోధన్

టీం డిన్నర్లో వైన్ మెనూ చేతికిస్తే మనం ముందు రేటు చూస్తాం. ఇటలీవాళ్ళు ఊరు చూస్తారట. కియాంతి అనేది ప్రాంతం పేరు, అందులో వాడే ముఖ్యమైన ద్రాక్ష సాంజొవేజె. టస్కనీ పాలకుడు మూడో కోసిమో 1716లోనే కియాంతికి హద్దులు గీశాడు. 1963లో డీఓసీ చట్టమొచ్చింది (వర్డ్ ఫైలు కాదండోయ్!). ఏ నేల, ఏ ద్రాక్ష, దిగుబడి ఎంత దాటకూడదు, అన్నీ పాటిస్తేనే ఊరిపేరు వాడుకోనిస్తారు. దానిపై మెట్టు డీఓసీజీ.

ఇది చదువుతుంటే నాకు మన బోధన్ గుర్తొచ్చింది. మంజీర మీద 1931కల్లా నిజాంసాగర్ కట్టారు, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ళతో చెరకు, చెరకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ శక్కర్‌నగర్. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌ని పులియబెట్టి కాస్తే స్పిరిట్.

తేడా అంతా ఇక్కడే ఉంది. వైన్‌లో నేల రుచి నిలవాలి. రెక్టిఫైడ్ స్పిరిట్‌లో సుమారు 95 శాతం ఆల్కహాలుండాలి, ఇంకే వాసనా ఉండకూడదు. అంటే ఊరు ఎంత చెరిగిపోతే సరుకు అంత మేలన్నమాట! చక్కెరకీ అంతే. గ్రేడిచ్చేది గింజ సైజూ రంగూ చూసి, మంజీర నీళ్ళు చూసి కాదు.

2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటుకెళ్ళింది, 2015 డిసెంబరులో మూతపడింది. కియాంతిలో ఒక కంపెనీ మునిగినా ఆ పేరు పక్క రైతుకి పనికొస్తుంది. బోధన్ రైతుకి అలాంటి పేరేదీ మిగల్లేదు. చెరకు తీసేసి వరి, సోయా వేసుకున్నాడు.