బాగై వచ్చినవాడు మళ్లీ ఎందుకు పడిపోతాడు?



మన వైద్య సహాయ నిధి లెక్కలు చూసినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తోంది. మత్తు మాన్పించే కేంద్రానికి నిధి ఖర్చుతో పంపిన కుర్రవాడు తిరిగొచ్చి మళ్లీ మొదలుపెడితే, రెండోసారి డబ్బు ఇవ్వాలా? "వాడికే బుద్ధి లేకపోతే మనమేం చేస్తాం" అనడం తేలిక. ఇదే ప్రశ్న ఒకప్పుడు అమెరికా ప్రభుత్వానికీ ఎదురైంది.

1935లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ దగ్గర అక్కడి ప్రభుత్వం ఒక పెద్ద ఆసుపత్రి తెరిచింది. సగం ఆసుపత్రి, సగం జైలు. చుట్టూ పొలాలు, పాడి పశువులు. మార్ఫిన్‌కూ హెరాయిన్‌కూ బానిసలైనవాళ్లను అక్కడ ఉంచి, మత్తు మాన్పించి, పని చేయించి, ఒళ్లు కుదుటపడ్డాక ఇంటికి పంపేవారు. తిండికీ వైద్యానికీ లోటు లేదు. అయినా న్యూయార్క్‌కు తిరిగి వెళ్లిన 1,912 మంది గురించి ఆరా తీసి 1962లో అచ్చువేసిన లెక్కలో, నూటికి 90 మందికి పైగా మళ్లీ అలవాటులో పడ్డారని తేలింది.

అక్కడి డాక్టర్ అబ్రహాం విక్లర్ 1940లలోనే ఒక వింత గమనించాడు. మానేసి నెలలు గడిచినవాళ్లు కూడా, నలుగురూ కూర్చుని ఆ మత్తు కబుర్లు మొదలుపెడితే ఆవలించేవాళ్లు. ముక్కు కారేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. మత్తు ఆపిన తొలి రోజుల్లో కనిపించే లక్షణాలే అవి. ఒంట్లో మందు లేకపోయినా ఒళ్లు మరిచిపోలేదన్నమాట. పాత సందు, పాత స్నేహితుడు, జీతం చేతికొచ్చిన సాయంత్రం, మనవైపైతే వీధి మూల టాస్మాక్ దుకాణం, ఇవన్నీ ఆ ఒంటికి పిలుపులే.

దీనికి ఎదురుగా నిలిచిన ఉదాహరణ వియత్నాం. అక్కడ హెరాయిన్ చౌకగా దొరికేది. 1971 సెప్టెంబరులో ఇంటికి తిరిగొచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు కలిసి మాట్లాడింది. వాళ్లలో సుమారు ఐదుగురికి ఒకరు అక్కడ ఉండగా బానిసలైనవాళ్లే. ఇంటికొచ్చిన ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసలైనవాళ్లు నూటికి 5 మంది, మూడేళ్లలో 12 మంది. లెక్సింగ్టన్‌వాళ్లు మత్తు నేర్చిన వీధికే తిరిగి వెళ్లారు, వీళ్లు దాన్ని సముద్రం అవతల వదిలి వచ్చారు.

అలాగని ఊరు మార్చేస్తే చాలని కాదు. ఆ సైనికుల్లో చాలామందికి యుద్ధానికి ముందు ఆ అలవాటు లేదు. వచ్చాక ఇల్లూ పనీ ఉన్నాయి. (పెళ్లి చేస్తే వాడే బాగుపడతాడనే మన పెద్దల వైద్యానికి మాత్రం ఈ చరిత్రలో ఏ ఆధారమూ కనిపించలేదు!) పైగా మనం తరతరాలుగా ఇక్కడే పాతుకుపోయినవాళ్లం. మేనమామ ఇల్లు వెనక వీధిలోనే ఉంటుంది. వాణ్ణి ఎక్కడికి పంపుతాం?

ఇంకో సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. కొన్ని నెలలు హెరాయిన్ లాంటివి మానేశాక ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. ఒకప్పుడు తీసుకున్న మోతాదే ఇప్పుడు ప్రాణం తీయవచ్చు. అందుకే కేంద్రం నుంచి వచ్చిన తొలి వారాలే అన్నిటికన్నా ప్రమాదం. అప్పుడు తిట్లకు భయపడి వాడు దాచిపెడితే, కాపాడే అవకాశమే పోతుంది.

మన నిధి ఇప్పుడు కేంద్రం గేటు దగ్గరే ఆగిపోతోంది. తిరిగొచ్చాక ఆరు నెలలపాటు డాక్టర్ ఫీజూ, వెళ్లిరావడానికి బస్సు ఛార్జీ కూడా అందులో చేర్చాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తున్నాం. రెండోసారి పంపే విషయమూ అప్పుడే తేల్చుకుందాం.