నిమ్ము కాదు, నాళం

పాలు తాగుతున్న పసిబిడ్డకు ముచ్చెమటలు పట్టి, ఆయాసంతో మధ్యలోనే వదిలేసి ఏడిస్తే సూర్యాపేట, కోదాడ వైపు ఇళ్లలో ముందుగా అనుకునేది ‘నిమ్ము చేసింది’ అనే. చాలాసార్లు అది నిజమే. ఎప్పుడో ఒకసారి మాత్రం లోపం గుండె రక్తనాళంలో ఉంటుంది.

1933లో అమెరికా వైద్యులు బ్లాండ్, వైట్, గార్లండ్ సరిగ్గా ఈ లక్షణాలనే గ్రంథస్థం చేశారు. బృహద్ధమని నుంచి పుట్టాల్సిన ఎడమ కరోనరీ ధమని, సుమారు 3 లక్షల కాన్పుల్లో ఒకరికి, పుపుస ధమని నుంచి పుడుతుంది. పుట్టిన కొన్ని వారాల్లో అక్కడ ఒత్తిడి తగ్గగానే గుండె కండరానికి అందాల్సిన రక్తం అటే జారిపోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే మిర్యాలగూడ రైతుకు వేరే చెప్పాలా? మడికి పారాల్సిన నీళ్లు వాగులో కలిస్తే పైరు ఎండక ఏమవుతుంది! వైద్యం అందకపోతే ఏడాది నిండేలోపే దాదాపు 90 శాతం మంది చనిపోతారు.

సర్జన్లు మొదట్లో ఆ నాళాన్ని మొదలు దగ్గర ముడివేసి సరిపెట్టారు. 1979లో జపాన్ సర్జన్ తకెయుచి పుపుస ధమని లోపలే సొరంగం కట్టి రక్తాన్ని మళ్లించాడు. ఇప్పుడు నాళాన్నే కోసి బృహద్ధమనికి కుడుతున్నారు.

విద్య తెలిసినా ఖర్చు ఎవరిది? 1991లో పుట్టపర్తిలో సత్యసాయి ఆస్పత్రి ఉచితంగా గుండె ఆపరేషన్లు మొదలుపెట్టింది. నల్లగొండ పల్లెలకు అది చాలా దూరం. అసలు మార్పు 2007లో వచ్చింది. ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ, రెండో విడతలో ఉమ్మడి నల్లగొండకు చేరింది. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, పొలం తాకట్టు పెట్టకుండానే హైదరాబాద్ ఆస్పత్రిలో పసివాళ్లకు గుండె ఆపరేషన్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల వరకూ, ఏ కొత్త కుట్టుకన్నా ఆ కార్డే పెద్ద మలుపు.

2016లో సూర్యాపేట జిల్లా అయింది, 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఇక మిగిలింది అనుమానించే కన్ను. గుండె ఉబ్బిన శిశువుకు కండరం జబ్బని రాసేసే ముందు ఈసీజీలో లోతైన క్యూ తరంగాలు ఉన్నాయేమో చూడాలి, ఎకోలో ఎడమ నాళం ఎక్కడ పుట్టిందో వెతకాలి. సకాలంలో ఆపరేషన్ జరిగితే నీరసించిన కండరం చాలావరకు కోలుకుంటుంది. మైట్రల్ కవాటం లీకవుతుంటే మాత్రం ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు.