పాతబస్తీ మైదానము, కలకత్తా సంతకము

ఒక జట్టులో పేరు గడించిన ఆటగాడు మరుసటి యేడు ఏ జట్టున చేరునో అను ఊహాగానము, ఆట ఎంత పాతదో అంత పాతది. నేడు మోటారు పందెములనుగూర్చి ఇట్టి మాటలు మిక్కిలిగా వినుచున్నాము. 2013 నుండి మెర్సిడెస్ జట్టునకు కారు నడుపుచుండిన లూయిస్ హామిల్టన్ 2025లో ఫెరారీ జట్టునకు మారునని 2024 ఫిబ్రవరి 1న ప్రకటన వెలువడినది. అతడు విడిచిన స్థానము ఎవరికి దక్కునని దేశదేశముల పత్రికలు నెలల తరబడి తర్కించినవి. మన నగరమునకును ఆ గాలి సోకినది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరమున విద్యుత్తుతో నడచు కార్ల పందెము జరుగగా జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. మరుసటి యేటి పందెము మాత్రము ఒడంబడిక నిలువక రద్దయ్యెను.

అయితే జట్టుమార్పుల ముచ్చట హైదరాబాదునకు కొత్తది కాదు. కార్లు రాకమునుపే, మూసీనదికి దక్షిణమున చార్మినారు చుట్టు విస్తరించిన పాతబస్తీకి ఆ ముచ్చట బాగుగా తెలియును. అది ఫుట్‌బాల్ ఆటగాండ్రనుగూర్చిన ముచ్చట. ఎవరు పోలీసు జట్టున నిలుతురు, ఎవరు కలకత్తా రైలెక్కుదురు అను ప్రశ్న ఒక తరమునకు వినోదము. ఆటగాండ్ర ఇండ్లలో మాత్రము అది జీవనాధారపు ప్రశ్న. ఆ చరిత్రను మనము నేడు ఒకసారి నెమరువేసికొందము.

నిజాము కాలమున అరబ్బు సిపాయిల బసగా వెలసిన బార్కస్ పేట పాతబస్తీకి దక్షిణపు అంచున నున్నది. బ్యారక్స్ అను ఆంగ్లపదమే జనుల నోట బార్కస్ అయినది. ఆ పేటలో ఫుట్‌బాల్ మీది మక్కువ నేటికిని చెక్కుచెదరలేదు. సిపాయిలున్నచోట ఆట ఉండుట సహజమే. బీదవాని బిడ్డకు ఈ ఆటవలె అనువైనది మరొకటి లేదు. బ్యాటు అక్కరలేదు, గుఱ్ఱము అక్కరలేదు. ఒక బంతి, కొంత బయలు ఉన్న చాలును. అయితే ఆట నేర్చిన యువకునకు కూడు ఎవరు పెట్టవలెను? ఆ కాలమున హైదరాబాదు ఇచ్చిన సమాధానము పోలీసు నౌకరీ.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు మన దేశపు క్రీడాచరిత్రలో ఒక అపూర్వమైన అధ్యాయము. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఈ జట్టే గెలిచినది. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్పు తుది పోటీలో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించినది. 1954లోను, 1957లోను ఆ కప్పు తిరిగి ఈ జట్టునకే దక్కినది. రాష్ట్రము ఆంధ్రప్రదేశ్‌గా ఏర్పడిన పిదప, ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరుతో 1961లో మరియొకమారు డ్యూరాండ్ గెలిచినది.

ఈ జట్టులోని వారికి ఆటకై వేరుగా కరారునామా లేదు. పోలీసు ఉద్యోగమే కరారు. నెల జీతము, పదోన్నతి, ఉద్యోగ విరమణానంతరము వజీఫా. వీనిని నమ్ముకొని ఆటగాడు పెండ్లి చేసికొనెను, ఇల్లు నిలుపుకొనెను. కాలు విరిగినను కొలువు పోదు. అందుచేత ఆ జట్టు సభ్యులు ఏండ్ల తరబడి ఒకరినొకరు ఎరిగి ఆడిరి. ఎవని పాసు ఎచటికి వచ్చునో కన్నెత్తి చూడకయే గ్రహింపగలిగిరి. ఐదేండ్ల వరుస విజయముల రహస్యములో ఈ స్థిరత్వమునకు పెద్ద పాలు కలదని మా అభిప్రాయము.

మిగిలిన పాలు సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది. 1909లో హైదరాబాదున జన్మించిన రహీమ్ వృత్తిచే ఉపాధ్యాయుడు. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ మొదలైన పాఠశాలలలో పాఠములు చెప్పినవాడు. 1950 నుండి తుదివరకు పోలీసు జట్టునకు శిక్షకుడుగా నుండెను. బడిలో పిల్లలకు ఎక్కములు నేర్పినట్లే ఆయన మైదానమున ఆట నేర్పెను. బంతిని కాలివద్ద ఉంచుకొని విన్యాసములు చేయుట నిషేధించి కొన్ని పోటీలు నడిపెను. అలవాటైన కాలితో తన్నరాదు, రెండవ కాలితోనే తన్నవలెనని మరికొన్ని పోటీలు నడిపెను. అట్లు తయారైన ఆటగానికి కుడి ఎడమల భేదము లేకుండెను. ధనికమైన క్లబ్బులు ఆటగాండ్రను సమకూర్చుకొనుచుండగా, రహీమ్ వారిని తయారుచేసెను. ఈ భేదము మన కథకు మూలము.

ఇక కలకత్తా సంగతి. అచట మోహన్ బగాన్ 1889లోను, మహమ్మదన్ స్పోర్టింగ్ 1891లోను, ఈస్ట్ బెంగాల్ 1920లోను స్థాపితమైనవి. ఆ నగరమున ఫుట్‌బాల్ ఆట మాత్రమే కాదు. కులము, ప్రాంతము, మతము వలె ఒక బంధము. మహమ్మదన్ స్పోర్టింగ్ దేశపు నలుమూలలనుండి ఆటగాండ్రను రప్పించి, 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదేండ్లు కలకత్తా లీగు గెలిచినది. భారతీయుల జట్టు ఆ లీగును గెలుచుట 1934లోనే ప్రథమము. దూరపు ఊరి ఆటగానిని రప్పించినచో కప్పు వచ్చునని నాడు తక్కిన క్లబ్బులును గ్రహించినవి.

అచటి పద్ధతి వింతైనది. ఏటేట ఒక నియమితమైన గడువులో ఆటగాడు స్వయముగా ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యాలయమునకు వచ్చి, రానున్న సంవత్సరము ఏ క్లబ్బునకు ఆడునో సంతకము చేయవలెను. సంతకము పడువరకు ఏ మాటయు మాట కాదు. కావున ఆ గడువు సమీపించుకొలది నగరమంతయు పుకార్లతో ఉడుకుచుండెను. ప్రత్యర్థుల కంటబడకుండ ఆటగానిని ఏ తోటబంగళాలోనో దాచియుంచి, ఆనాటి ఉదయమున కాపలాతో తెచ్చి సంతకము చేయించిన కథలు కలకత్తాలో నేటికిని చెప్పుకొందురు. పైకి ఆట నిరాపేక్షమైనది. ఒలింపిక్ నియమముల ననుసరించి ఆటగాడు ఆటకై డబ్బు తీసికొనరాదు. అందుచేత ఇచ్చిన సొమ్ము కాగితమున కెక్కదు. కాగితమున కెక్కని సొమ్మునకు న్యాయస్థానము లేదు.

ఈ రెండు లోకముల నడుమ వారధి దాటినవారిలో తులసీదాస్ బలరామ్ ముఖ్యుడు. 1936లో సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో ఒక బీద తమిళ కుటుంబమున ఆయన జన్మించెను. ఆయనలోని ప్రజ్ఞను రహీమ్ గుర్తించెను. అమ్ముగూడనుండి నగరమునకు వచ్చుటకు సైకిలు అద్దెను సైతము రహీమే ఇచ్చెనని బలరామ్ తరువాతి కాలమున చెప్పుకొనెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో మన దేశము ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి నాల్గవ స్థానము పొందినపుడు, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్ మొదలైన హైదరాబాదువారితో పాటు బలరామ్ కూడ ఆ బృందమున నుండెను. అదే యేడు మొదలైన సంతోష్ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు విజేతయయ్యెను.

1957లో బలరామ్ ఈస్ట్ బెంగాల్‌లో చేరెను. అదే యేడు డ్యూరాండ్ తుది పోటీలో సిటీ పోలీసు జట్టు ఈస్ట్ బెంగాల్‌నే ఓడించినది. ఒక్క మేటి ఆటగాడు పోయినను జట్టు కుప్పకూలలేదని దీనివలన తేటపడుచున్నది. గురువు నాటిన విత్తనములు ఇంకను మొలకెత్తుచుండెను. బలరామ్ 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడై ఆ క్లబ్బునకు లీగు గెలిచి యిచ్చెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారతదేశము దక్షిణ కొరియాను 2-1 తో ఓడించి స్వర్ణపతకము గెలిచినది. శిక్షకుడు రహీమ్, జట్టులో బలరామ్, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్. వీరిలో యూసుఫ్ ఖాన్ పోలీసు జట్టును వీడనివాడు. తంగరాజ్ సైన్యమునుండి బయటికి వచ్చి కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకును గోలు కాచినవాడు. ముగ్గురును మూడు దారుల నడచినవారే. దేశము కొరకు మరల ఒక్క గురువు చేతిక్రింద కలిసిరి.

మరుసటి యేడు మన ఆటకు చీకటి యేడు. 1963 జూన్ 11న రహీమ్ క్యాన్సర్ వ్యాధితో కన్నుమూసెను. అదే యేడు బి.ఎన్.ఆర్. రైల్వే జట్టునకు మారిన బలరామ్, ఊపిరితిత్తుల జబ్బువలన చిన్న వయస్సుననే ఆటకు స్వస్తి చెప్పవలసివచ్చెను. ఎంత గొప్ప ఆటగానికైనను దేహమే పెట్టుబడియనియు, అది ఒక్క ఋతువులో తరిగిపోవచ్చుననియు ఈ ఉదంతము తెలుపుచున్నది. ఆయన బెంగాలులోనే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించెను.

రహీమ్ అనంతరము నగరమునుండి వలస పెరిగినది. 1965-66 సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచిన కొద్ది కాలమునకే, 1966లో, మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌లో చేరిరి. హబీబ్ వయస్సు అప్పటికి పదునేడేండ్లు. ఆయన జీవితమే జట్టుమార్పుల చరిత్ర. 1968లో మోహన్ బగాన్, 1970లో మరల ఈస్ట్ బెంగాల్, 1975లో మహమ్మదన్ స్పోర్టింగ్, 1976లో మోహన్ బగాన్, 1979లో మహమ్మదన్, 1980లో ఈస్ట్ బెంగాల్, 1982లో మోహన్ బగాన్. తమ్ముడు అక్బర్ కూడ ఆ మైదానములలోనే పేరు గాంచెను. హబీబ్ ఈ యేడు ఎటు పోవునో అను ప్రశ్నతో కలకత్తా అభిమానులకు ఎన్ని వసంతములు గడచినవో లెక్క లేదు.

క్లబ్బులు మార్చినవాడని ఆయనను నిందించుట సులభము. కాని ఒక్క విషయము గమనింపవలెను. తక్కిన ఆటగాండ్రు బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగమును కోరుకొనుచుండగా, హబీబ్ తనకు వచ్చిన ఉద్యోగములను కాదని, ఆటయే నా పని అని నిలిచెను. మన దేశమున ఫుట్‌బాల్‌నే సంపూర్ణవృత్తిగా స్వీకరించిన తొలివారిలో ఆయనను లెక్కింతురు. వజీఫా లేనివాడు ఏటేట తన వెలను తానే అడుగవలెను గదా! ఏ చొక్కా తొడిగినను ఆ చొక్కాకు ఆయన కొరత చేయలేదు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2 తో సమముగా నిలిచినపుడు, ఆ రెండు గోళ్ళలో ఒకటి హబీబ్‌ది. నయీముద్దీన్ నాయకత్వమున 1970 ఆసియా క్రీడలలో కాంస్యపతకము తెచ్చిన భారత జట్టులోను ఆయన నుండెను. హబీబ్ 2023 ఆగస్టు 15న స్వనగరమైన హైదరాబాదుననే కన్నుమూసెను.

ఇంతకును తప్పెవరిది? పోయినవారిది కాదని మేము చెప్పుదుము. పాతబస్తీ యువకునకు కలకత్తాలో లక్షమంది ఎదుట ఆడు అవకాశమును, చేతినిండ డబ్బును ఎదురైనపుడు, ఇచట కానిస్టేబులుగా నిలువుమని ఎవరు శాసింపగలరు? పిలిచినవారిది కూడ కాదు. వారికి కప్పు కావలెను. నిలిచినవారికి కొలువు దక్కినది, పోయినవారికి కీర్తి దక్కినది. రెండును ఒక్కచోట ఇచ్చు ఏర్పాటు మాత్రము మన నగరము చేయలేదు. అంతకంటె పెద్ద లోపము, రహీమ్ తరువాత రహీములను తయారుచేయకపోవుట. నీరు పారిపోవుట నేరము కాదు. ఊట ఎండిపోవుట నేరము.

వ్రాతమూలకమైన ఒడంబడికయే అన్నిటికి మందు అనువారికి ఇటీవలి ఉదాహరణము కలదు. 2019లో హైదరాబాదు పేర ఒక వృత్తి జట్టు వెలసినది. అందు సంతకము లేని ఆటగాడు లేడు. గడువు, జీతము, మారు పద్ధతి సర్వమును కాగితము మీదనే. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగు గెలిచినపుడు నగరమెల్ల సంతోషించినది. కాని రెండేండ్లు తిరుగకమునుపే జీతముల బకాయిలు పేరుకొని ఆటగాండ్రు ఒక్కొక్కరుగా వెడలిపోయిరి. 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయినది. వెనుకటి కాలమున ఆటగాడు జట్టును విడిచెను. ఈ కాలమున జట్టే ఊరిని విడిచినది.

కాబట్టి కాగితము ఒక్కటి చాలదు, అభిమానము ఒక్కటియు చాలదు. సిటీ పోలీసు జట్టున కాగితము లేకున్నను భరోసా ఉండెను. కలకత్తాలో భరోసా లేకున్నను ఆదరణ ఉండెను. పాఠశాలకు మైదానము, మైదానమునకు గురువు, ఆటగానికి నమ్మకమైన జీవనము, ఈ మూడును కుదిరిననాడు మరల ఒక నూర్ మహమ్మద్, ఒక హబీబ్ మన పేటలనుండి బయలుదేరగలరు. అపుడు వారు ఏ జట్టున చేరినను మనము చింతింపవలసిన పనిలేదు. వారి వెనుక మరియొకడు బూట్లు కట్టుకొనుచు సిద్ధముగా నుండును.