మరపు: ఒక వ్యాధి చరిత్ర

ముసలితనమున మరపు సహజమని మన ఇండ్లలో అనుకొనుట పరిపాటి. తిన్న అన్నమును తినలేదని తాత అన్నచో చాదస్తమని విసుగుకొందుము. ఇంటిదారి తప్పిన అవ్వను గద్దింతుము. అట్టి మరపు వార్ధక్యము కాదనియు, మెదడునకు సోకిన వ్యాధి కావచ్చుననియు చెప్పు చరిత్రను ఈ ప్రసంగమున మనవి చేయుచున్నాము.

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు మానసిక వైద్యశాలకు ఆగస్టె డీటర్ అను 51 ఏండ్ల గృహిణిని తీసికొనివచ్చిరి. అలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు పేరు అడుగగా చెప్పెను. ఇంటిపేరు అడిగినను, భర్త పేరు అడిగినను తన పేరే చెప్పెను. 1906 ఏప్రిలులో ఆమె మరణించిన పిమ్మట అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించెను. కణముల నడుమ పేరుకొన్న మచ్చలును, కణములలో చిక్కుపడిన పోగులును కనబడినవి. ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ నగరమున వైద్యుల సభకు ఆ సంగతి నివేదించెను. 1910లో క్రెపెలిన్ పండితుడు తన గ్రంథమున ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టెను. అయినను చాలకాలము ఇది నడివయస్సువారికి అరుదుగా వచ్చు జబ్బుగానే ఎంచబడినది. వృద్ధుల మతిభ్రంశమునకు ముఖ్యకారణము ఇదియే యని 1960, 1970 దశకములలో గాని స్థిరపడలేదు.

ఈ చరిత్రలో మన ప్రాంతమునకును ఒక పుట కలదు. రామన్నపేట 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది; 1948 వరకు నిజాం రాజ్యములోనిది. ఆనాడు ఇంటిలో తెలుగు, కచేరీలో ఉర్దూ. ఇట్టి రెండు భాషల జీవనమే తరువాత హైదరాబాదు వైద్యులకు పరిశోధనా విషయమైనది. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు అల్లాడి సువర్ణ, ఆమె సహచరులు 648 మంది రోగుల వివరములను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకే భాష తెలిసినవారికంటె రెండు భాషలు తెలిసినవారిలో మతిభ్రంశము సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా మొదలైనది. చదువురానివారిలో ఆ వ్యత్యాసము ఆరేండ్లు. కనుక ఇది కేవలము బడిచదువు ఫలితమని చెప్పవీలులేదు. రెండు భాషలు వచ్చినవారికి వ్యాధి రాదని మాత్రము దీని భావము కాదు.

ఈ వ్యాధిలో క్రొత్త జ్ఞాపకములు ముందు పోవును, పాతవి చాలకాలము నిలుచును. ఉదయము తిన్నది మరచిన పెద్దలు చిన్ననాటి ఉర్దూ పాఠమును అప్పగింపవచ్చును. అది నటన కాదు, మొండితనము కాదు. వ్యాధిని పూర్తిగా నయముచేయు మందు నేటికిని లేదు. కాని థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, దిగులు వలన కలుగు మరపునకు చికిత్స కలదు. కావున ముందు వైద్యునికి చూపవలెను.

ఇంటివారు గద్దింపక, పెద్దలకు ఏ భాషలో మాట తోచునో ఆ భాషలోనే పలుకరింపవలెను. ఫ్రాంక్‌ఫర్టులో ఆ వైద్యుడును మొదట చేసిన పని ఆమెతో ఓపికగా మాటాడుటయే.