సముద్రం దాటిన సరుకులు

ఊరినుంచి బంధువులెవరైనా వచ్చినారంటే, కుశలప్రశ్నలకన్న ముందు మన చూపు వారి సంచీమీదికి పోతుంది. గోంగూర పచ్చడి జాడీ కనబడితేగాని ప్రాణం కుదుటపడదు. ఈ బలహీనత మన ఒక్కరిదే కాదు. లండన్, పెర్త్, ఆక్లండ్ నగరాలలో స్థిరపడిన దక్షిణాఫ్రికావారికీ ఉన్నది. వారికోసం ఆ నగరాలలో ప్రత్యేకంగా కొట్లే వెలసినవి. ఆ కొట్ల బీరువాలలో ఒక దేశచరిత్ర సర్దిపెట్టి ఉన్నది.

అక్కడ ముందుగా అడిగేది బిల్టాంగ్. మాంసాన్ని పొడుగు ముక్కలుగా కోసి, వినిగర్, ఉప్పు, మిరియాలు, ధనియాలు పట్టించి గాలికి ఆరగట్టిన ఒరుగులివి. (శాకాహారులు మన్నింతురుగాక!) ఎద్దుబండ్లమీద లోపలి సీమలకు వలసపోయిన డచ్చి సంతతి రైతులకు ఇవే దారిబత్తెం. గట్టి రస్కులూ అట్టివే. కాఫీలో ముంచనిదే పంటికి లొంగవు. 1939లో మోల్టెనో అను చిన్న పట్టణంలో ఒక గృహిణి మొదలుపెట్టిన రస్కులు ‘ఊమా’ పేర ప్రసిద్ధికెక్కినవి. ఊమా అంటే అవ్వ.

ఇక మిసెస్ బాల్స్ చట్నీ. పండ్లు, పంచదార, వినిగర్ కలిసిన ఆ తియ్యని పాకాన్ని మన నాలుక చట్నీ అని ఒప్పుకోదు. కాని పేరు మన దేశపుదే. 1652లో కేప్‌లో దిగిన డచ్చివారు వంగదేశంనుంచి, మలబారునుంచి, మన కోరమాండల్ తీరంనుంచి కూడ బానిసలను అక్కడికి తరలించినారు. తూర్పుదేశాల మసాలా కేప్ వంటిండ్లలో ప్రవేశించినది ఇట్టివారి చేతుల మీదుగానే. ఆ చేతుల పేర్లు ఏ సీసామీదా లేవు.

మనవారు పెద్దసంఖ్యలో పోయినది తరువాతి కథ. మద్రాసునుంచి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరినది. 1911లో ఆ పద్ధతి నిలిచేవరకు లక్షన్నరకు పైగా భారతీయులు నేటాల్ చేరినారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తరార్కాటు సీమల తెలుగువారు వారిలో ఉన్నారు. చెరకుతోటలో అయిదేండ్ల కట్టుబాటు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. కొలిచి ఇచ్చే బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుచేప. ఆ కొలతబియ్యంతోనే మనవాళ్ళు పండుగలు చేసుకున్నారు!

వారున్న డర్బన్‌లో పుట్టినదే ‘బన్నీ చౌ’. రొట్టెను దొన్నెలాగ తొలిచి అందులో వేడివేడి కూర నింపుతారు. ‘బనియా’ మాటనుండే ఆ పేరు వచ్చినదని పలువురి అభిప్రాయం. పళ్ళెంతో పనిలేదు, దొన్నెనే తినివేయవచ్చు. ఇంత ఉపాయమైన వంట మనవాళ్ళు ఇక్కడ ఎందుకు కనిపెట్టలేదో!

1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం తాను గౌరవించవలసిన భాషలలో తెలుగునూ పేర్కొన్నది. అయినా అక్కడి తెలుగు ఇండ్లలో నేడు వినబడేది చాలవరకు ఇంగ్లీషే. పప్పు నిలిచినది, మాట జారినది. ఆ ఇంటి బిడ్డ లండన్ చేరితే వెదకికొనేది డర్బన్ మసాలా పొట్లమే. ఊరు అంటే ఆ బిడ్డకు డర్బన్, విశాఖపట్నం కాదు.

ఇది వ్రాస్తూండగా, బెంగుళూరులో పుట్టిన మా చిన్నవాడు గోంగూర జాడీని పక్కకు నెట్టి బిసిబేళెబాత్ కావాలంటున్నాడు. అడగడం మాత్రం ఇంకా తెలుగులోనే అడుగుతున్నాడు.