కంచె కథ: ఉప్పు కోసం నాటిన ముళ్ల నుంచి మన గెట్టు మీది సర్కారు తుమ్మ దాకా



గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో చేమంతి, బంతి గంపలు దించినంక చాయ్ దగ్గర ఈ మధ్య ఎక్కువ నడుస్తున్న ముచ్చట రేటు గురించి కాదు, కంచె గురించి. చేవెళ్ల వైపు వాళ్లైనా, షాబాద్ వైపు వాళ్లైనా అడిగేది ఒక్కటే. అడవిపందులను ఎట్ల ఆపాలి? రాతికడీలు, జాలీ కొనే తాహతు అందరికీ లేదు. కొందరు దొంగచాటుగా కరెంటు తీగ గుంజుతున్నరు. పంది కోసం పెట్టిన తీగకు తెల్లారి నీళ్లు పెట్టబోయిన మనిషే బలైన వార్త ఏటా చదువుతూనే ఉన్నం. అందుకే చెట్టు కంచె గురించి నాకు తెలిసిన చరిత్ర రాస్తున్న. ఓపికతో చదవండి.

మన దగ్గర కంచె అంటే వట్టి ముళ్లు కాదు. తెలంగాణలో పశువుల మేత కోసం అడ్డం కట్టి కాపాడిన గడ్డి భూమికే కంచ అని పేరు. కంచ గచ్చిబౌలి, రావిర్యాల వైపు ఇమారత్ కంచ, ఇవన్నీ ఆ మాట మిగిల్చిన గుర్తులే. భూమి పేరులోనే కంచె ఉన్నదంటే మన పెద్దోళ్లకు అది ఎంత ముఖ్యమో అర్థం చేసుకోండి.

ఇంగ్లీషు వాళ్లు మన దేశంలో ఒక కంచె వేశారు. పంటకు కాదు, పన్నుకు. ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టి సరుకు దాటించకుండా సింధు నది నుంచి మహానది దాకా సుంకం గీత గీశారు. 1869 నాటికి ఆ గీత సుమారు 2,300 మైళ్లు. కాపలాకు దాదాపు 12,000 మంది. మొదట ఎండుముళ్లు పేర్చారు. వాటిని చెదలు తిన్నది, నిప్పు కాల్చింది, గాలివాన లేపుకపోయింది. 1867లో సుంకాల కమిషనర్‌గా వచ్చిన ఏ.ఓ. హ్యూమ్ పచ్చి కంచె మీద పట్టుబట్టాడు. 1885లో కాంగ్రెస్ పుట్టుకలో ముందున్న హ్యూమ్ ఈయనే. ఏ నేలకు ఏది బతికితే అది నాటించాడు: రేగు, నల్లతుమ్మ, వాక, నాగజెముడు, జెముడు. బాగా పెరిగినచోట పది పన్నెండు అడుగుల ఎత్తు, మనిషి దూరలేనంత మందం.

పేదోని కూటిలో ఉప్పును ఆపడానికి వేసిన కంచె అది. దాంట్ల మెచ్చుకునేది ఏమీ లేదు. కానీ రైతుగా రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఎండు కంప ఏటా ఖర్చే, పచ్చి కంచె పెట్టుబడి. రెండు, 1879లో ఆ సుంకం గీత ఎత్తేశారు, కాపలా పోయింది. తర్వాత రాయ్ మాక్స్‌హామ్ అనే ఇంగ్లీషాయన దాని ఆనవాళ్ల కోసం ఏళ్ల తరబడి తిరిగి 2001లో పుస్తకం రాశాడు. అంత పెద్ద కంచెలో ఆయనకు దొరికింది చిన్న ముక్క మాత్రమే. చూసే మనిషి లేకపోతే కంచె నిలవదు.

ఇక నాగజెముడు. పాము పడగలాంటి మట్టలతో ఉండే ఈ మొక్క మనది కాదు, అమెరికా ఖండానిది. దాని మీద బతికే ఒక పురుగు నుంచి ఎర్ర రంగు తీస్తారు. ఆ రంగు వ్యాపారం మీద ఆశతో కంపెనీ వాళ్లు మద్రాసులో జెముడు తోటలే వేశారు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు తెచ్చారు. తీరా చూస్తే అది నాసిరకం, రంగు పనికిరాలేదు. కానీ ఒక రకం జెముడును మాత్రం తినేసింది. మిగిలిన రకాలు కంచెలు దాటి బీళ్లలోకి పాకాయి. చివరికి 1926లో సిలోన్ నుంచి ఇంకో రకం పురుగును తెచ్చి వదిలితే కొన్నేళ్లలోనే దక్షిణాదిన జెముడు చాలా మట్టుకు అణిగింది. మందు కొట్టకుండా పురుగుతోనే కలుపును అణచిన పెద్ద కథ ఇది.

మూడోది మన కండ్ల ముందున్నదే, సర్కారు తుమ్మ. మన జమ్మికి ఇది చుట్టం, పుట్టిల్లు మాత్రం అమెరికా వైపు. మద్రాసు అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్ గింజలు తెప్పించాలని 1876లో సర్కారుకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన గింజలు 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. అది దక్షిణాదిన మహా కరువు నడుస్తున్న కాలం. మెట్ట నేల పచ్చబడాలి, వంటకు కట్టె దొరకాలి అని వాళ్ల ఆలోచన. కట్టె దొరికింది, బొగ్గు దొరికింది, అది నిజమే. కానీ పశువులు తీపి కాయలు తిని పేడలో గింజలు ఊరంతా చల్లాయి. నరికితే మోడు నుంచి పది కొమ్మలు లేస్తయి. గెట్టు మీద పెట్టింది చెల్కలోకి వచ్చింది, చెరువు శిఖంలోకి దిగింది. కంచె చేను మేయడమంటే ఇదే.

చల్లటి దేశాల్లో కథ దీనికి తలకిందులు. కెనడాలో మనోళ్ల పిల్లలు ఉండే ఇండ్ల చుట్టూ సీడర్ కంచెలు కనపడతయి. మన నర్సరీల్లో మోర్‌పంఖి అని అమ్మేది దాని చుట్టమే. దాన్ని పచ్చ ఆకు ఉన్నంత వరకే కత్తిరించాలి. లోపలి ఎండు కట్టె దాకా కోస్తే మళ్లీ చిగురు రాదు, ఆ బొక్క అట్లనే ఉంటది. అక్కడ ఎక్కువ కోస్తే కంచె పోతది, ఇక్కడ కోయకపోతే చేను పోతది.

మరి మనం ఏం నాటాలి? మన తాతలు నాటినవే. వాకకు ముల్లూ ఉంది, పాలూ ఉంది, పశువు మూతి పెట్టదు, పైగా కాయ పచ్చడికి వస్తది. గచ్చకు కొక్కేల్లాంటి ముళ్లు. వాయిలిని మేక కూడా ముట్టదు. గోరింట ఆకుకు ఆకు, కంచెకు కంచె. మృగశిర, ఆరుద్ర కార్తెల వానకు రెండు వరుసలు, అడుగున్నర ఎడంతో, ఒక వరుస సందులో ఇంకో వరుస మొక్క వచ్చేటట్టు నాటండి. మోకాలెత్తు రాగానే తల తుంచండి, మొదట్లనే గుబురు కడతది. తర్వాత ఏటా రెండుసార్లు కత్తిరించండి, కింద వెడల్పు, పైన సన్నం ఉండాలి. పైన గొడుగులా వదిలితే కిందికి ఎండ అందక మొదళ్లు బోసిపోతయి, పంది దూరేది ఆ సందులోనే.

మొదటి రెండు మూడేండ్లు ఇది పందిని ఆపదు, ఉన్నమాట చెప్తున్న. అప్పటిదాకా రాత్రి కావలి తప్పదు. గెట్టు పక్కోనితో ముందే మాట్లాడుకొని నాటండి, ఇద్దరి ఖర్చూ సగమైతది, పంచాయితీ ఉండదు. కానీ కరెంటు తీగ మాత్రం వద్దు. కంచె చేను కాయాలె గానీ ఇంటి మనిషిని తినొద్దు.

మీ ఊర్ల పాత కంచెల్లో ఏ చెట్లు ఉండేవో, ఇప్పటికీ ఏవి మిగిలినయో రాయండి. విత్తనం ఉన్నోళ్లు లేనోళ్లకు పంచుదాం.